ఆర్వి ఎడమ చెవి

ఉత్తరాది అడవుల అంచునున్న కుహ్మో ఊళ్ళో తుపాకుల దుకాణమంటే తుపాకులొక్కటే కాదు. గాలాలు, రబ్బరు బూట్లు, కుక్కల తిండి, చలికాలపు చేతితొడుగులు అన్నీ అక్కడే. అందులో ఏ మూల ఏముందో ఆర్వి మొయిలనెన్ కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఒక్క అర మాత్రం అతనికి కొత్త. గల్లాపెట్టె పక్కన, చెవులకు పెట్టుకునే సరుకు వేలాడే అర. జీవితమంతా దాని ముందు నుంచి నడిచి వెళ్ళాడే గాని ఏనాడూ ఆగలేదు. దుప్పి వేట మొదలవడానికి వారం ముందు, శరదృతువు వానలో తడిసిన టోపీ చేత్తో పట్టుకుని, మొట్టమొదటిసారి అక్కడ నిలబడ్డాడు. అదీ తనకోసం కాదు, కూతురి కోసం.

కూతురు సైయా పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. నలభై దాటింది, కళ్ళజోడు వచ్చింది. వేటగాళ్ళ పరీక్ష వసంతంలో పాసై, ఈ ఏడే తండ్రి ఉన్న వేట సంఘంలో చేరింది. తల్లి హెల్వి పోయాక తండ్రీకూతుళ్ళ మధ్య మాటలు కరువయ్యాయి. వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే కాఫీ చల్లారేది గాని మాట కదిలేది కాదు. అడవిలో అయితే మాట్లాడకుండా పక్కపక్కన కూర్చోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అందుకే తుపాకీ పట్టిందేమో.

"ఇవి చాల్లే," అని సైయా చెవుల్లో దోపుకునే పసుపుపచ్చ నురుగుబిళ్ళల పొట్లం ఒకటి తీసింది.

"వద్దు. ఆ పెద్దవి చూడు," అన్నాడు ఆర్వి, తలకు పట్టీలా తగిలించుకుని చెవుల మీద దొప్పల్లా కూర్చోబెట్టే ఇయర్‌మఫ్‌లను చూపిస్తూ.

సైయా నవ్వింది. అది తల్లి నవ్వు కాదు, కాస్త వగరుగా ఉంటుంది. "'చెవులు మూసుకున్నవాడు కుక్కని అమ్ముకోవాలి.' ఈ మాట ఎవరిదో గుర్తుందా నాన్నా?"

దుకాణం ఆవిడ గల్లా వెనక నుంచి అందుకుంది. "గుర్తులేకేం! ఆ ఒక్క మాటతో నా సరుకంతా దుమ్ము పట్టించాడు మీ నాన్న. మీ సంఘంలో ఒక్కడైనా ఈ అర వంక చూస్తేనా! వస్తారు, తూటాలు కొంటారు, నా ముందే చెవులు గోక్కుంటూ పోతారు."

ఆర్వి టోపీలోంచి నీళ్ళు దులుపుకున్నాడు. ఆవిడే ఇవతలికి వచ్చి ఒక్కొక్కటీ చూపించింది. నురుగుబిళ్ళని సీసాకు బిరడా కొట్టినట్టు కొడితే లాభం లేదట. వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బి నిండేదాకా పట్టుకుని ఉండాలి. అంత ఓపిక ఎవరికుంది? దొప్పలైతే తేలిక గాని, కళ్ళజోడు కాడ దగ్గర సందు పడుతుంది. చీమ దూరేంత సందు చాలు, మోత లోపలికి దూరడానికి. పైగా తుపాకీని చెంపకు ఆనించినప్పుడు లావుపాటి దొప్ప దాని కర్రకు తగిలి పక్కకు జరుగుతుంది. అప్పుడు పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే.

"ఇదిగో, ఇది పలచటిది. అంచు మెత్తగా ఉంటుంది, కళ్ళజోడు మీద సర్దుకుంటుంది. బ్యాటరీ వేస్తే చిన్న చప్పుళ్ళు పెంచి వినిపిస్తుంది, తుపాకీ పేలగానే తలుపు మూసేస్తుంది. కుక్క మొరుగూ వినబడుతుంది, చెవీ మిగులుతుంది."

"అదే ఇయ్యి," అన్నాడు ఆర్వి.

సైయా తండ్రి ముఖంలోకి చూసింది. "నువ్వేనా ఈ మాటంటోంది? మరి నీకో?"

"నాకెందుకు ఇప్పుడు."

ఆ 'ఇప్పుడు' అన్నమాట సైయా పట్టించుకోలేదు. దుకాణం ఆవిడ మాత్రం ఓ క్షణం ఆగి, సంచీలో సామాను పెట్టింది.

లోకంలో చెవిని పోగొట్టుకునే పద్ధతులు చాలా ఉన్నాయి. చర్చి గంటలు కొట్టేవాళ్ళు భక్తితో పోగొట్టుకుంటారు, కమ్మరులు కూటికోసం పోగొట్టుకుంటారు, ఫిరంగుల దగ్గర నిలబడ్డ సిపాయిలు రాజుగారి కోసం పోగొట్టుకుంటారు. వినడం కోసమే వినికిడి పోగొట్టుకునే జాతి ఒక్కటే, కుక్కతో దుప్పిని వేటాడే ఈ ఉత్తరాది అడవుల జాతి. వీళ్ళ బూడిదరంగు కుక్క అడవిలోకి పోయి, ఏనుగు గున్నంత ఉండే మూస్ దుప్పిని ఎక్కడో నిలేసి మొరుగుతుంది. ఆ మొరుగులోనే అన్నీ ఉంటాయి. తాళం తప్పకుండా మొరిగితే దుప్పి నిలబడి ఉంది. మొరుగు తెగి, ఎగశ్వాసతో మళ్ళీ మొదలైతే దుప్పి కదిలింది. ఆ తేడా వినలేనివాడు వేటగాడు కాడు, మాంసం మోసే మనిషి. అందుకని చెవికి ఏదీ అడ్డం పెట్టరు. పెట్టనందువల్ల ఏటికేడాది ఆ తేడాయే ముందుగా చెరిగిపోతుంది. ఎందుకంటే తుపాకీ మోత మొదట తినేది సన్నటి స్వరాల్నే, కుక్క మొరుగు చివర ఉండే ఆ కొస స్వరాన్నే.

నిజానికి అడవిలో ఆర్వి పేల్చింది తక్కువ. ఏడాదికి మహా అయితే నాలుగు తూటాలు. చెవి పోయింది అడవిలో కాదు, ఊరి చివర షూటింగ్ రేంజిలో. అక్కడ తీగ మీద చెక్కదుప్పి ఒకటి కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతుంది, వేసవి పొడుగునా దానిమీద గురి సాధన. వయసులో ఉండగా ఆర్వి ఆ చుట్టుపక్కల మేటి. అతను తుపాకీ ఎత్తితే పక్కవాళ్ళు సిగరెట్టు ఆర్పి చూసేవారు. చెవికి అడ్డమంటే మహా అయితే అప్పుడప్పుడు ఇంత దూది, లేకపోతే కాల్చిన ఖాళీ తూటా గొట్టం. సైన్యంలో నేర్చిన విద్య అది. చెవిలోంచి ఇత్తడి కొమ్ము మొలిచినట్టు ఉండేది, నవ్వుకునేవారు. రేంజిలో వినవలసిన కుక్క ఏదీ లేదు. చెక్కదుప్పిని చూసి ఏ కుక్కా మొరగదు. అక్కడైనా చెవులు మూసుకుని ఉండవచ్చు. కాని అలవాటు అలవాటే. అడవిలో పనికొచ్చే రోషం రేంజిలోనూ వదల్లేదు.

కుడిచేతివాటం మనిషి తుపాకీ భుజానికెత్తితే కుడి చెవి తల నీడలో దాక్కుంటుంది. ఎడమ చెవి గొట్టం వైపు తిరిగి మోతనంతా మింగుతుంది. అలా ఆర్వికి ముందు ఎడమ చెవి పోయింది. ఒక్కసారిగా పోలేదు. మొదట మిడతలు పోయాయి, తర్వాత వాన చినుకుల చిటపట, తర్వాత గోడ గడియారం. ఏది పోయినా 'అది ఆగిపోయిందిలే' అనుకున్నాడు గాని తాను ఆగిపోయానని అనుకోలేదు. ఉద్యోగం తపాలా బండి నడపడం. బండిలో ఒంటరి, వినవలసింది ఇంజనొక్కటే. హెల్విని కారులో ఎక్కించుకుని బజారుకి వెళితే, ఇక్కడి కార్లలో స్టీరింగు ఎడమవైపు కాబట్టి, ఆమె కుడిపక్క సీట్లో కూర్చుంటుంది, చెప్పిందంతా చక్కగా వినబడుతుంది. బంగాళాదుంపలు, పెళ్ళిళ్ళు, పక్కింటివాళ్ళ పాత ఫ్రిజ్. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

అతని అరవయ్యో పుట్టినరోజుకి హెల్వి ఒక జత చెవిదొప్పలు కొని రిబ్బను కట్టి ఇచ్చింది. వచ్చిన చుట్టాలందరి ముందూ ఆర్వి వాటిని కుక్క తలకు తగిలించి నవ్వించాడు. హెల్వి కూడా నవ్వింది. తర్వాత అవి కట్టెల కొట్టంలో మేకుకి చేరాయి. కట్టెలు కోసే రంపం పెట్టినప్పుడు మాత్రం శ్రద్ధగా పెట్టుకునేవాడు. కట్టె కోతకి కాపాడిన చెవిని కాల్పులకి ధారపోశాడు.

ఇంక సౌనా సంగతి. చెరువు గట్టున చిన్న చెక్కగది, లోపల రాళ్ళ పొయ్యి, పైన బల్ల. శనివారం సాయంత్రం భార్యాభర్తలు ఆ బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఆవిరి పడతారు. నీళ్ళ గరిటె ఆర్విది, కాబట్టి అతను పొయ్యి పక్కన, పొయ్యి అతని కుడివైపు. హెల్వికి సెగ పడదు, ఆమె అతని ఎడమవైపు. పెళ్ళయిన కొత్తలో కూర్చున్న ఆ చోట్లు మళ్ళీ మారలేదు. ఈ ఊళ్ళలో పెద్దలు పిల్లలకి నేర్పేది ఒకటుంది: సౌనాలో చర్చిలో ఉన్నట్టు ఉండాలి. గొంతెత్తకూడదు, గొడవపడకూడదు. బల్ల దగ్గర నోటికి రాని మాటలు అక్కడ చీకట్లో, ఆవిరిలో, గుసగుసగా బయటికొస్తాయి. హెల్వి కారులో దుంపల మాటలు చెప్పేది, సౌనాలో గుండెలో మాటలు చెప్పేది. ఆర్వి రాళ్ళమీద నీళ్ళు పోసేవాడు, రాళ్ళు బుస్సుమనేవి, ఎడమపక్క నుంచి వెచ్చటి గాలిలా ఏదో కదిలేది, అతను ఊపిరి లోపలికి పీలుస్తూ "ఊఁ" అనేవాడు. ఇక్కడి మనుషులు అవునని చెప్పే తీరు అది, మాటని బయటికి వదలరు, లోపలికి పీల్చుకుంటారు. ఏం చెప్పిందో తెలియకపోయినా ఆ "ఊఁ" సరిపోయేది. భార్య చెప్పినదానికి భర్త ఊఁ అంటే ఏ ఇంట్లోనైనా సగం కాపురం నడుస్తుంది.

మూడేళ్ళ కిందట, ఈస్టరు ముందటి శనివారం హెల్వి ఆ బల్ల మీద ఏదో చెప్పింది. కాస్త ఎక్కువసేపే చెప్పింది. ఆర్వి "ఊఁ" అన్నాడు. ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది, అతను ఆ చేతిమీద చెయ్యి వేశాడు. ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాడు.

పంటకోతల నాటికి ఆమె కయాని పట్నం ఆసుపత్రిలో మంచం మీద ఉంది. ఎప్పట్నించి తెలుసని డాక్టరు అడిగితే హెల్వి మామూలుగా, ఎవరినీ తప్పుపట్టకుండా చెప్పింది. "ఈస్టరు ముందే రొమ్ములో గడ్డ చేతికి తగిలిందండీ. ఆర్వితో చెప్పాను. అతను కంగారుపడలేదు. అతనికే భయం లేకపోతే నాకెందుకులే అనుకున్నాను."

మంచానికి అవతల నిలబడ్డ సైయా తలెత్తి తండ్రిని చూసింది.

'నాకు వినబడలేదు' అని ఆ క్షణాన అనాల్సింది. రెండంటే రెండు ముక్కలు. కాని ఆ మాటంటే హెల్వి ఇన్నేళ్ళుగా ఆ బల్ల మీద చెప్పుకున్నదంతా గోడకి చెప్పుకున్నట్టు తేలిపోతుంది. చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఆ లెక్క చెప్పడం ఎలా? అని నోరు మూసుకున్నాడు. సంఘం మొత్తానికీ మేటి చెవి అని పేరున్న ఆర్వి మొయిలనెన్ చెవిటివాడని తేలడం ఇష్టంలేకా మూసుకున్నాడు. అందులో ప్రేమపాలు ఎంత, గీరపాలు ఎంత అని తూచడం అతనివల్ల కాలేదు. మొదటి మంచు పడేలోగా హెల్వి పోయింది. సైయా మాత్రం ఆ చూపు దించలేదు. తండ్రి విన్నాడు, విని ఊరుకున్నాడు. ఆమెకు తెలిసింది అంతే. చెవిటివాడు అనిపించుకోవడం కంటే రాతిగుండె అనిపించుకోవడమే నయమనుకున్నాడు ఆర్వి, మూడేళ్ళు అలాగే మోశాడు.

వేట మొదటిరోజు పొద్దున్నే సంఘం గుడిసె దగ్గర నెగడు వేశారు. మసిబారిన కెటిల్లో కాఫీ, పుల్లకి గుచ్చి కాల్చిన సాసేజీలు, నారింజరంగు చొక్కాలు. వేటపెద్ద కౌకో మాటులు పంచుతున్నాడు. ఆర్వికి చిన్ననాటి నేస్తం, నోరు తప్ప మిగతాదంతా మంచివాడు.

"సైయమ్మా, నీది కొత్త చెయ్యి, మీ నాన్నతో బురదనేల అంచున కూర్చో. ఆర్విగాడి చెవులుండగా మీకు ఫోనుల్లో కుక్కని చూసుకునే ఖర్మేం లేదు," అన్నాడు. అంతలో ఆమె మెడలో వేలాడుతున్న దొప్పలు చూశాడు. "అదేంటది? పాటలు వింటావా అడవిలో?"

నలుగురూ గొల్లుమన్నారు. ఒకడు "కుక్కని నాకమ్మెయ్యి ఆర్వీ!" అని అరిచాడు. సైయా చెవులు ఎర్రబడ్డాయి. దొప్పల్ని తీసి సంచీలో కుక్కేసింది.

దారిలో ఆర్వి అన్నాడు, "పెట్టుకోవే."

"నువ్వు పెట్టుకుంటావా?"

ఆర్వి నడక వేగం పెంచాడు.

మాటు దగ్గర పడిపోయిన దేవదారు మాను ఒకటే కూర్చోవడానికి పొడిగా ఉంది. ఆర్వి ఎప్పటిలాగే మొదలు వైపు కూర్చున్నాడు. సైయాకి మిగిలింది అతని ఎడమపక్క. కుక్క హల్లిని వదిలారు. దాని మెడపట్టీ నుంచి ఫోనుకి అన్నీ అందుతాయి, ఎక్కడుందో, నిమిషానికెన్నిసార్లు మొరుగుతోందో కూడా. నాలుగేళ్ళుగా ఆర్వి తన మేటి చెవిని అరచేతిలో దాచుకుని చూసుకుంటున్నది ఆ ఫోనులోనే. ఆ పొద్దున మంచుకి ఫోను చచ్చింది. బొత్తాం నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు, జేబులో పెట్టి చంకలో వెచ్చబెట్టాడు. ఊహూఁ. ఇక మిగిలింది కూతురి ముఖం. దాన్నే ఓరగా చూస్తూ కూర్చున్నాడు.

కొంతసేపటికి సైయా మెడ సాగింది. హల్లి మొరుగుతోందన్నమాట. ఆర్వి కూడా వింటున్నట్టు తల వంచాడు.

ఆర్వికి వినబడనిది మనం విందాం.

"నాన్నా, మొరుగు తెగింది," అంది సైయా గుసగుసగా. "కదిలింది. ఎడమకి వస్తోంది, మనవైపే. నేను తిరగనా?"

"ఊఁ," అన్నాడు ఆర్వి ఊపిరి పీలుస్తూ, కుడివైపు చూస్తూ.

తండ్రి కుడికి చూస్తున్నాడంటే తనకు తెలియనిదేదో విన్నాడనుకుంది సైయా. తనూ కుడికే తుపాకీ తిప్పింది. అప్పుడే ఎడమవైపు పొదలు చీల్చుకుని దుప్పి బయటికొచ్చింది. ఆవిర్లు కక్కుతూ, పొడుగు కాళ్ళతో బురద చిమ్ముతూ, వాళ్ళకి పదిబారల దూరంలో సాగిపోయింది. వెనకాలే హల్లి. సైయా తిరిగేసరికి కొమ్మలు ఊగుతున్నాయంతే.

"చెప్పాను కదా! ఎడమకి వస్తోందన్నానా లేదా? ఊఁ అన్నావు కదా!" ఇది గట్టిగానే అంది, ఆర్వికి వినబడింది.

"ఊఁ," అన్నాడు.

సైయా ఇంకేదో అనబోయి ఆగిపోయింది. అతని ముఖాన్ని చాలాసేపు చూసింది, నోట్లో పుచ్చిన పన్ను వెతికేటప్పుడు చూసినట్టు. తర్వాత ముఖం ముందుకి తిప్పుకుని, పెదవులు కదిలీ కదలనట్టు, చర్చిలో అన్నట్టు మెల్లగా అంది. "నాన్నా, మన కట్టెల కొట్టం తగలబడిపోతోంది."

"ఊఁ."

"కౌకో మావయ్య పెళ్ళికూతురి బట్టలేసుకుని వస్తున్నాడు."

"ఊఁ," అని ఆర్వి కాస్త నవ్వాడు కూడా, ఆమె గొంతు గాలి మెత్తగా తగిలిందని.

సైయా నవ్వలేదు. తుపాకీలోంచి తూటాలు తీసి, దాన్ని మానుకి ఆనించి, లేచి అతని ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చింది. కుడివైపు కూర్చోవడానికి మాను లేదు, తడి నాచు మీదే కూలబడింది.

"అమ్మ సౌనాలో ఎటు కూర్చునేది?"

ఇది వినబడింది. ఒక్కొక్క అక్షరమూ వినబడింది. ఆర్వి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బురదనేల వైపు చూస్తూ ఉండిపోయాడు. దుప్పి అడుగుల్లో నీళ్ళు నిండుతున్నాయి.

"ఎడమపక్క," అన్నాడు.

"ఎప్పట్నించి ఇలా?"

"మొదలైంది నువ్వు బళ్ళో చేరకముందే."

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. ఆవిడ… నేను విన్నాననుకునే పోయింది."

"మరి నాకు చెప్పొచ్చుగా!" సైయా కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచింది, తుడిచినకొద్దీ మసకబారింది. "మూడేళ్ళు నాన్నా. మూడేళ్ళు నీ ఇంట్లో కాఫీ తాగుతూ నిన్ను…" మిగతాది మింగేసింది. ఆ మింగింది ఏమిటో వినడానికి చెవి అక్కర్లేదు.

ఆమె సంచీలోంచి దొప్పలు తీసి, మీట తిప్పి, అతని తలకి తగిలించింది. ఆర్వికి మొదట గాలి హోరు వినబడింది. తర్వాత టప్, టప్ అని ఆకుల మీంచి నీటిబొట్లు. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని. దూరంగా, తలుపు అవతల ఉన్నట్టు, హల్లి. అతను కళ్ళు మూసుకున్నాడు.

"వినబడుతోందా?"

"కుడిపక్క వినబడుతోంది కొంచెం."

"ఎడమ?"

తల అడ్డంగా ఊపాడు. ఎంత మంచి సామానైనా ఉన్నదాన్ని పెంచగలదు గాని లేనిదాన్ని తేలేదు. అరవయ్యో ఏట రిబ్బను కట్టి ఇచ్చిన జత గురించి ఆలోచించాడు. అది వచ్చిన నాటికి ఆ చెవిలో ఇంకా కొంత మిగిలే ఉంది. ఆవిరిలో ఒక గుసగుస వినడానికి సరిపోయేంతేనా? ఏమో. ఆ సంగతి ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేడు.

దొప్పలు తీసి, లేచి, కూతురి తలకి అతనే పెట్టాడు. మొదట ఆమె జుట్టుని వెనక్కి తోశాడు, తర్వాత కళ్ళజోడు కాడల్ని పైకి జరిపి, అంచు కింద సందు ఉందేమోనని మొద్దుబారిన వేలితో చుట్టూ తడిమి చూశాడు. చిన్నప్పుడు బడికి పంపుతూ ఉన్నిటోపీ కట్టినప్పుడు కూడా ఇంత జాగ్రత్త పడలేదు. కౌకో సాయంత్రం నవ్వుతాడు. నవ్వనీ. ఆ సామెత కట్టింది తనే కాబట్టి దాన్ని తెంపాల్సిందీ తనే.

సైయా లేచి, మళ్ళీ తన చోటికే, మాను మీద అతని ఎడమపక్కకి వెళ్ళి కూర్చుంది. తుపాకీ అందుకుంది. అడవి వైపు చూస్తూ ఏదో అంది. పెదవులు కదలడం ఆర్వి చూశాడు. ఊపిరి అలవాటు చొప్పున లోపలికి రాబోయింది. దాన్ని బలవంతాన ఆపాడు.

"వినబళ్ళేదు," అన్నాడు. "మళ్ళీ చెప్పు."